దవడలో పొట్టేలు

పళ్లెం ఎగిరొచ్చి వసారాలో పడింది.

ముందు గోడకు తగిలింది. తర్వాత గడపకు తగిలింది. ఆ తర్వాత గిర్రున తిరిగి తిరిగి కరుణ కాళ్ల దగ్గరికొచ్చి బోర్లా పడుకుంది. పళ్లు లేని మనిషి పళ్లేలు విసిరితే ఇంత మోత మోగుతుందని మోత్కూరులో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గుర్వమ్మకు పళ్లు పోయాయి గానీ పట్టు పోలేదు.

కరుణ వంగి పళ్లెం తిప్పి చూసింది. అంచు మీద "క" అని ఒక అక్షరం. కొత్తగా కొట్టించిన అక్షరం గనుక చుక్కచుక్కా మెరుస్తోంది.

అది కరుణ పళ్లెం కాదు. కూతురు నిహారిక పళ్లెం. నిన్నటిదాకా దాని మీద "గు" అని ఉండేది. ఇప్పుడా గు మీద అడ్డంగా ఓ గీత, పక్కన క.

ఆ ఇంట్లో గిన్నెలన్నింటి మీదా గుర్వమ్మ గు ఉంటుంది. చెంబు మీద గు, బిందె మీద గు, ఆఖరికి గరిటె కాడ మీద కూడా గు. కొడుకు గోపాల్ ప్రేమించి కరుణను చేసుకొస్తే, గుర్వమ్మ స్టీలు సామాన్ల దుకాణానికి పోయి ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక గిన్నె కొని, వాటి మీద క కొట్టించుకొచ్చి కోడలి చేతిలో పెట్టింది. చూసినవాళ్లు సారె అనుకున్నారు. అది సారె కాదు, సరిహద్దు. క కొట్టినవి వసారాలోనే కడగాలి, వసారాలోనే బోర్లించాలి, వసారాలోనే వాటిలో తినాలి. ఎందుకంటే కరుణ తండ్రి సాల్మన్ పానగల్లులో తాపీ మేస్త్రీ. ఆదివారం చర్చికి పోతాడు, పండుగకు పెద్దకూర వండుతాడు. గొర్లు మేపుకునే ఇంట్లో గొడ్డుమాంసం తిన్న నోరు లోపలి గడప దాటకూడదని గుర్వమ్మ శాసనం. పడకగదికి వసారాలోంచే వేరే తలుపు పెట్టించి గోపాల్ గండం గట్టెక్కాడు. పెళ్లానికో తలుపు, తల్లికో తలుపు. తనకు మాత్రం తలపే లేదు.

అలా ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో కరుణ అన్నది వసారా దాటి లోపలికి రాలేదు.

"ఊఁ... మ్‌మ్... ఆఁ!" అంది లోపలి నుంచి గుర్వమ్మ.

"అమ్మ ఏమంటాందంటే," అని గడప మీద నిలబడి ఆడపడుచు పూజ అందుకుంది. హుజూర్‌నగర్ నుంచి తల్లికి సాయం చేద్దామని వచ్చి, తల్లికి నోరుగా మారిన మనిషి. "సాల్మన్ తాత ఇంటికి వోయి పెద్దకూర తిన్న పోరి, ఇగ వసారల్నే తినాలె అంటాంది. గీ ఐతారం మల్లన్న పట్నాల పండుగకు చుట్టాలందరు ఒస్తరు. బంతిల ఈ పిల్ల కూసోవద్దంటాంది."

గుర్వమ్మ అన్నది మూడు మూలుగులు. పూజ చెప్పింది ముప్పై మాటలు. అనువాదంలో అంత లాభం ఎవరికీ రాదు.

"అత్తమ్మ మూల్గింది. ఆ తిట్లు నీయి," అంది కరుణ.

"నాయి గావు వదినె. అమ్మ మనసుల మాటే నా నోట్ల వడ్డది."

"ఆరేండ్ల పిల్ల. తాత పెట్టిండు, తిన్నది. దానికేం ఎరుక?"

"ఎరుక లేకనే గద ఇంటికొచ్చి అందరి ముంగట చెప్పింది. 'తాత బొక్క వెట్టిండు, మస్తుగుండె' అన్నది. అమ్మకు కడుపుల తిప్పింది. కుట్లు తెగుతయేమో అని నేను సచ్చిన."

కుట్లంటే చెప్పాలి. గుర్వమ్మ పై దవడ నిండా ఇప్పుడు కుట్లే. కుట్రలకు మాత్రం డాక్టరు ఏ అడ్డూ చెప్పలేదు.

నిహారిక పుస్తకాల సంచీ కింద పెట్టి, తల్లి పక్కన కూర్చుని, పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది. మొన్ననే బళ్లో అక్షరాలన్నీ అయిపోయాయి.

"అమ్మా, గిది క గదనే?"

"ఊఁ."

"క అంటే కరుణ. నాది న గద. తప్పు కొట్టిండ్రు."

పూజ ఫక్కున నవ్వింది. లోపల గుర్వమ్మ కూడా నవ్వబోయి, కుట్లు గుంజి, "హా..." అని అరిచి, దవడ పట్టుకుంది.

కరుణ నవ్వలేదు. ఇన్నేళ్లూ తన పళ్లెం తాను కడుక్కుంది. కూతురి పళ్లెం కూడా తన పళ్లెం పక్కన బోర్లించే రోజు వస్తుందని అనుకోలేదు. ఆమె గొంతులో ఒక మాట ఉంది. దాన్ని బయటికి తీస్తే ఈ ఇంటి గోడలు నిలబడవు. ఆ మాటను నాలుక కింద పెట్టుకుని కరుణ పిల్లకు అన్నం కలిపింది.

ఆ మాట ఏమిటో తెలియాలంటే ముందు గుర్వమ్మ నోట్లోకి తొంగి చూడాలి.

కృష్ణ దాటి అటు పోతే బొక్క అంటే చిల్లు. ఇటు మన దిక్కు బొక్క అంటే ఎముక. గుర్వమ్మ నోట్లో రెండు యాసలూ రాజీపడ్డాయి. బొక్క లేక బొక్క పడింది.

అసలు గుర్వమ్మకు శుభ్రమైన కట్టుడు పళ్ల సెట్టు ఉండేది. రెండేళ్ల కింద వాకిట్లో నిలబడి కోడలిని తిడుతూ తిడుతూ ఓ పెద్ద మాట అందుకోబోయేసరికి, మాటకంటే ముందు పళ్లు బయటికి దూకాయి. దూకి కరుణ ముందు పడ్డాయి. కరుణ వాటిని ఏరి, నల్లా కింద కడిగి, రెండు చేతులతో అందించింది. గుర్వమ్మ ఆ పళ్లను పెంటకుప్ప మీదికి విసిరేసింది. కోడలి చెయ్యి తగిలిన పళ్లు మళ్లీ నోట్లో పెట్టుకుంటుందా?

అప్పటినుంచి బోసినోరే. నల్లగొండలో కృష్ణకాంత్ అనే పంటి డాక్టరు ఫొటో తీసి చూసి పెదవి విరిచాడు. "దవడ ఎముక కరిగిపోయింది పెద్దమ్మా. స్క్రూ బిగించి పళ్లు నిలబెట్టాలంటే ఎముక కావాలి. గోడ లేకుండా మొల ఎక్కడ కొడతాం? ముందు చిగుళ్లు కోసి, ఎముక పొడి నింపి, కుట్లు వేస్తా. కొన్ని నెలల్లో అది గట్టిపడుతుంది. ఆ తర్వాతే పళ్లు."

"ఏం బొక్క వెడుతవ్ సారూ?" అని అడిగాడు గోపాల్.

"జంతువుదే. శుభ్రం చేసి వస్తుంది."

అంతే. మటన్ దుకాణం నడిపేవాడికి జంతువంటే ఒకటే జంతువు. గోపాల్ ఇంటికొచ్చి చెప్పాడు. గుర్వమ్మ పొంగిపోయింది. ఎవడి మందలోదో ఎందుకు? మల్లన్న పేరు మీద వదిలిన పొట్టేలు ఇంట్లోనే ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కోయించి, ముందుకాలు బొక్కను గు కొట్టిన టిఫిన్ డబ్బాలో పెట్టించి, ఆపరేషన్ రోజు కొడుకు చేత మోయించింది. పత్తిగింజ తిని బలిసిన పొట్టేలు, దాని బొక్క ఇనుములాంటిది, దాని మీద మొలిచే పళ్లతో రాళ్లు కూడా నమలవచ్చని వాడంతా చెప్పింది.

డాక్టరు డబ్బా మూత తీసి చూసి, మళ్లీ మూసేశాడు. తర్వాత గోపాల్‌ను పక్కగదిలోకి పిలిచాడు. కరుణ పిల్లను ఎత్తుకుని ఆ తలుపు దగ్గరే ఉంది.

"అన్నా, ఇది కూరకు పనికొస్తుంది. దవడకు రాదు. మేం పెట్టేది కంపెనీలో తయారైన పొడి. ఎద్దు ఎముకతో చేస్తారు. కాల్చి కడిగి, మాంసం అంశ లేకుండా చేస్తారు. భయం లేదు. అది వద్దంటే ఆమె గడ్డం నుంచే కొంచెం ఎముక తీయొచ్చు. కానీ ఇంకో గాయం అవుతుంది."

గోపాల్ ముఖం మేకతోలు మీది రక్తంలా గడ్డకట్టింది. తల్లికి షుగరు ఉంది, రెండు గాయాలు మానవని అతని భయం. "అదే వెట్టుండ్రి సారూ," అన్నాడు. బయటికొచ్చి కరుణ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకు చెప్పకే. నీ కాళ్లు మొక్కుత."

బస్టాండు దగ్గర టిఫిన్ డబ్బా ఖాళీ చేశాడు. ఓ కుక్క మల్లన్న పొట్టేలు ముందుకాలును మహాభక్తితో స్వీకరించింది.

ఇంటికి చేరాక గుర్వమ్మ బుగ్గ బూరెలా ఉబ్బింది. ఆమె గర్వం అంతకంటే ఎక్కువ ఉబ్బింది. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ పూజ నోటితో ఒకటే మాట. "మా అమ్మ దవడల మల్లన్న పొట్టేలున్నది. ఇగ గా నోట్లకెళ్లి వచ్చేది దేవుని మాటే."

ఆ దేవుని మాటే నిహారిక పళ్లెం మీద క కొట్టించింది.

గోపాల్ దుకాణం కట్టేసి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కరుణ వసారా మెట్టు మీద ఉంది. పళ్లెం ఒళ్లో ఉంది.

"గిది చూసినవా?"

చూశాడు. చూడనట్టు చెప్పులు విడిచాడు.

"నిన్నే. గిది చూసినవా?"

"జర పండుగ అయిపోనీయవే. అమ్మ ఇగో, నోరు గూడ తెర్వలేకుంటున్నది..."

"నోరు తెర్వకుండనే గింత జేసింది. తెరిస్తే ఇంకేం జేస్తదో."

"చిన్నపిల్ల. ఎక్కడ కూసొని తింటే ఏంది? కడుపులకే గద వోయేది."

"అట్లనా? అయితే నువ్వు వసారల తిను. నీ పెండ్లాం తింటది, నీ బిడ్డ తింటది, నువ్వెందుకు తినవ్?"

గోపాల్ లోపలి తలుపు వైపు చూశాడు. పూజ నీడ అక్కడే ఉంది. గొంతు తగ్గించాడు.

"నేను లోపట తినకపోతే అమ్మ తినదే."

"నీ బిడ్డ లోపట తినకపోతే నువ్వు తింటవ్. బాగుంది నీ ఆకలి."

మాట్లాడకపోవడం గోపాల్‌కు బాగా వచ్చిన విద్య. దుకాణంలో కత్తి మాట్లాడుతుంది, ఇంట్లో తల్లి మాట్లాడుతుంది.

"ఐతారం బంతిల నిహారికను కూసోవెట్టాలె," అంది కరుణ. "పూజ పిల్లల పక్కపొంటి. గు కొట్టిన పళ్లెంల. లేకపోతే మీ అమ్మ దవడల ఎవలున్నరో నేను చెప్త. ఒక్కొక్క చుట్టానికి ఒక్కొక్కసారి చెప్త."

గోపాల్ ముఖం మాడిపోయింది. తర్వాత ఆ ముఖంలోకి, కరుణ అంతకుముందు ఎన్నడూ చూడనిది ఒకటి వచ్చింది. నవ్వు లాంటిది.

"చెప్పు. నీకైతే గది కొత్త గాదు గద. నువ్వు పుట్టినసంది తింటున్నవ్. మా అమ్మకు ఒక్కసారి వెడితేనే గింత రంది పడుతున్న నేను."

కరుణకు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది, చెంప అయితే వాపు దిగుతుంది.

"ప్రేమించినప్పుడు ఎరుక లేదా నేనేం తింటనో?"

"ఎరుకనే," అన్నాడు గోపాల్ చెప్పులు మళ్లీ తొడుక్కుంటూ. "మానిపియ్యొచ్చు అనుకున్న."

"మానేసిన గద."

"మానేసినవ్. అయినా క పోలేదు. నేనేం జెయ్యాలె?"

వెళ్లిపోయాడు. కరుణ చాలాసేపు ఆ మెట్టు మీదే ఉంది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు ఆమెతో పలికిన ఒకే ఒక్క నిజం అది. అంతకు ముందువన్నీ ముద్దుమాటలు.

శనివారం ఎండ నెత్తి మీదికి వచ్చింది. చుట్టాలు దిగే బస్సుకు ఎదురుపోతూ పూజ తన పిల్లల్ని వెంటేసుకుంది. గోపాల్ రేపు మల్లన్నకు కోసే యాటపోతును తేవడానికి పోయాడు. నిహారిక వాకిట్లో పట్నం ముగ్గుకు తెచ్చిన రంగులను దూరం నుంచి చూస్తోంది. ముట్టుకోవద్దని చెప్పారు.

కరుణ వసారాలో తన చిన్న పొయ్యి మీద పిల్లకు రాగిజావ కాస్తోంది. కొద్దిగా బెల్లం, చిటికెడు ఉప్పు, యాలక్కాయ. వాసన ఇంట్లోకి పోయింది. వాసనకు గడపలు తెలియవు.

లోపల మంచం కిర్రుమంది.

"కరుణా."

కరుణ చేతిలో గరిటె ఆగింది. అత్త నోట తన పేరు వినడం అదే మొదటిసారి. "ఓయ్", "ఏందే", "సాల్మన్ బిడ్డ" ఇన్నాళ్లూ ఇవే ఆమె పేర్లు.

"ఏంది అత్తమ్మా?"

"లోపటికి రా." కుట్ల వెనక నుంచి మాట మెల్లగా, కానీ స్పష్టంగా వచ్చింది. పూజ అనువాదం అక్కర్లేదు. "పొద్దుగాలసంది పూజ అటుకులు నానబెట్టిచ్చింది. గొంతు దిగుతలేవు. నువ్వు కాసేది తే."

కరుణ జావగిన్నె, గ్లాసు పట్టుకుని లోపలి గడప మీద ఆగింది. కాలు లేవలేదు. గడప ఏమీ అనలేదు. అలవాటే ఆపింది.

"రావే. తలుపు వెయ్."

వేసింది. గది చల్లగా ఉంది. మంచం పక్కన గోడకు మల్లన్న పటం. కరుణ కళ్లు గు కొట్టిన గ్లాసు కోసం వెతికాయి. కనబడలేదు. అన్నీ రేపటి వంటకు తోమించి బయట ఆరబెట్టారు. చేతిలో ఉన్న గ్లాసులోనే పోసింది. క కొట్టిన గ్లాసు.

గుర్వమ్మ చూసింది. ఆ అక్షరం ఆమె కొట్టించిందే. చెయ్యి చాపింది. తీసుకుంది. గటగట కాదు, డాక్టరు చెప్పినట్టు కొంచెంకొంచెంగా, పెదవి తడుపుకుంటూ తాగింది. ఆఖరి చుక్క దాకా తాగింది.

కరుణ నిలబడి చూసింది. కోపం రాలేదు, ఆశ వచ్చింది. కోపం వచ్చి ఉంటే తర్వాత జరిగింది జరిగి ఉండేది కాదు.

"ఇంకొంచెం పొయ్," అని గుర్వమ్మ గ్లాసు చాపింది.

కరుణ గిన్నె వెనక్కు జరిపింది. ఆ పూట కరుణ కరుణ కాలేదు.

"పోస్త. రేపు నిహారిక బంతిల కూసుంటది. అవునంటే పోస్త."

గుర్వమ్మ కళ్లు చిన్నవయ్యాయి.

"అవునని అననీకి నోరు తెర్వక్కర్లేదు అత్తమ్మా. తల ఊపు, చాలు. లేకుంటే ఇగో, నీ దవడల ఉన్నది పొట్టేలు గాదు. ఎద్దు. నీ కొడుక్కు ఎరుక, నాకు ఎరుక. మల్లన్న పొట్టేలును బస్టాండుల కుక్క తిన్నది."

చెప్పేసింది. ఇన్నాళ్లూ నాలుక కింద పెట్టుకున్నది. ఇప్పుడు అత్త ఏడుస్తుందని, గుండెలు బాదుకుంటుందని, నోట్లో వేళ్లు పెట్టుకుంటుందని, ఒక్కసారైనా తన కంటే కింద పడుతుందని చూసింది.

గుర్వమ్మ పెదవుల చివర మిగిలిన జావను నాలుకతో తుడుచుకుంది.

"నాకు ఎరుకే," అంది.

కరుణకు అర్థం కాలేదు.

"నా నోట్ల చెయ్యి వెట్టెటోడు నన్నడగకుండ వెడుతడా? కుర్చీల పండవెట్టినంక డాక్టరు చెప్పిండు. 'ఎద్దుది పెద్దమ్మా, ఇష్టమేనా, లేకుంటే ఆపేద్దాం' అన్నడు. నేను తల ఊపిన. పళ్లు గావాలె గద నాకు."

"ఎరికుండి... ఎరికుండి నా బిడ్డ పళ్లెం మీద..."

"నీకు సోయి లేదే." గుర్వమ్మ గొంతులో తిట్టు లేదు. పిల్లకు పాఠం చెబుతున్నట్టుంది, అదే భయంకరంగా ఉంది. "నా నోట్ల ఎద్దునే వెట్టినా నేను గొల్ల గుర్వమ్మనే. నువ్వు ఇయ్యాల్టిసంది తులసాకు నమిలినా సాల్మన్ బిడ్డవే. తినుడుతోని ఏముంది?"

"మరి గీ పళ్లాలెందుకు? గీ గ్లాసులెందుకు?"

"తేడా కనవడాలె గద. మనుషుల మొకం మీద అచ్చరం కొట్టరాదు. అందుకే పళ్లెం మీద కొట్టిపిచ్చిన."

బయట వాకిట్లో నిహారిక ఏదో పాట పాడుకుంటోంది.

"వోయి చెప్పుకో," అంది గుర్వమ్మ. "ఎవలు నమ్ముతరు? గొడ్డు తినెటిదానికి అందరి నోట్ల గొడ్డే కనవడ్తది అంటరు. గోపాల్ గూడ గదే అంటడు. వాడు నా కొడుకు." గ్లాసు మళ్లీ చాపింది. "పొయ్. ఆకలైతాంది."

కరుణ పోయలేదు. గిన్నె గట్టిగా పట్టుకుంది. వేళ్లు కాలుతున్నా పట్టుకుంది.

"తల ఊపు," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆకలి ఒకవైపు, అక్షరం ఒకవైపు. గుర్వమ్మ చూపు గిన్నెలోకి జారింది. మెల్లగా, చాలా మెల్లగా, తల కిందికి వంచి పైకెత్తింది.

ఊపింది.

కరుణ పోసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచిందా, యాచించిందా తెలియలేదు. గుర్వమ్మ రెండో గ్లాసు సగం తాగింది.

వాకిట్లో ఆటో ఆగింది.

"అమ్మా! పెద్దబాపు ఒచ్చిండు!" పూజ గొంతు. చెప్పుల చప్పుళ్లు, పిల్లల కేకలు. తలుపు తోసుకుని ముందు పూజ, వెనక గుర్వమ్మ పెనిమిటికి అన్న యాదయ్య, ఆయన వెనక మరో నాలుగు తలలు.

అందరూ ముందు చూసింది కరుణను కాదు. గుర్వమ్మ చేతిలోని గ్లాసును. గ్లాసు మీది క ను. గుర్వమ్మ పైపెదవి మీద అంటుకున్న జావను.

"అమ్మా..." అంది పూజ. మొదటిసారి ఆమెకు అనువదించడానికి ఏమీ దొరకలేదు.

గుర్వమ్మ గ్లాసు వైపు చూసింది. యాదయ్య వైపు చూసింది. అంతే. గ్లాసు నేలకేసి కొట్టింది. డాక్టరు తెరవొద్దన్న నోరు, ఇన్ని రోజులుగా దాచుకున్న నోరు, చెవుల దాకా తెరిచింది.

"బలిమిట్ల పోసిందో బావా! నోరు తెర్వరానిదాన్ని, మంచంల వడ్డదాన్ని! తలుపేసి, గదవ పట్టి పోసింది! నన్ను ఆగం జేసిందో!"

కుట్టు తెగింది. ఎర్రటి గీత ఒకటి పెదవి దాటి గడ్డం మీదికి, గడ్డం మీంచి తెల్లచీర మీదికి దిగింది. రక్తం అబద్ధం చెప్పదని ఆ గదిలో అందరూ నమ్మారు.

"లోపటికి ఎవలు రానిచ్చిండ్రు దీన్ని?" యాదయ్య కర్ర నేలకు తాటించాడు. "గోపాల్ ఏడి?"

గోపాల్ అప్పుడే వాకిట్లోకి వచ్చాడు. యాటపోతు తాడు గుంజకు కట్టి పరుగెత్తుకొచ్చాడు. తల్లి నోటి రక్తం చూశాడు. నేల మీద దొర్లుతున్న గ్లాసు చూశాడు. అందరూ దారి ఇచ్చారు. కరుణ అతని ముఖంలోకి చూసింది. ఈ ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి. ఒక్క మాట చాలు.

గోపాల్ వంగి గ్లాసు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గ్లాసుల ఏం కలిపినవ్ కరుణా?"



కరుణ గడప వైపు తిరిగి, చాలా మామూలుగా, బడికి టైమైందని పిలిచినట్టు పిలిచింది.

"నిహారికా. లోపటికి రా బిడ్డా. నీ పళ్లెం తెచ్చుకో."

పిల్ల వచ్చింది. పళ్లెం గుండెలకు హత్తుకుని, గడప దగ్గర ఆగి, తల్లి తల ఊపాక లోపల కాలు పెట్టింది. కరుణ ఆమెను గది నడుమ, చుట్టాలందరి మధ్య, కింద కూర్చోబెట్టింది. పళ్లెం ముందు పెట్టింది.

"గ్లాసుల ఏం కలిపిన్నో తర్వాత చెప్త," అంది గోపాల్‌తో. "ముందుగాల నువ్వు చెప్పు. మీ అమ్మ దవడల ఏం కలిపిండ్రు?"

గోపాల్ తల్లి వైపు చూశాడు. గుర్వమ్మ రక్తం కారుతున్న నోరు అలాగే తెరుచుకుని, కళ్లు మాత్రం కొడుకు మీద పెట్టింది. ఆ కళ్లలో భయం లేదు, లెక్క ఉంది.

"పొట్టేలు," అన్నాడు గోపాల్ నేలను చూస్తూ. "మన మల్లన్న పొట్టేలు బొక్క."

యాదయ్య తృప్తిగా తల ఊపాడు. పూజ ఊపిరి పీల్చుకుంది.

"కాదు గద బాపూ," అంది కింద నుంచి నిహారిక. అక్షరం తప్పు దిద్దినట్టే అంది. "ఆ బొక్కను నువ్వు బస్టాండుకాడ కుక్కకేసినవ్. నేను చూసిన. డాక్టరు ఎద్దుది వెడత అన్నడు."

గదిలో ఉన్న తలలన్నీ ఒకేసారి పిల్ల వైపు తిరిగాయి.

గుర్వమ్మ నోరు టక్కున మూతపడింది.

రోజూ పొద్దున్నే బొక్కలు నరికే గోపాల్ కుడిచెయ్యి, ఆరేళ్లలో ఒక్కసారి కూడా బిడ్డ మీదికి లేవని చెయ్యి, పైకి లేచింది.

కరుణ వంగి పళ్లెం అందుకుని ఆ చేతికి ఎదురుగా ఎత్తింది.